నా వైపుకి వంచండి

చెరువు గట్టు, రేకుల గది
సోమవారం

బావా,

ఆరోగ్యం ఎలా ఉందని అడగను. అక్క చేతిలో ఉన్నావు, బాగుండక తప్పదు.

నా గది సంగతి చెబుతా. రేకుల డబ్బా. కిటికీ ఒకటుంది. తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ప్రస్తుతం మూసి ఉంది. మంచం మీద కాళ్ళు చాపితే తలుపుకి తగులుతాయి, ఎవరైనా తలుపు తోస్తే నేను ముడుచుకోవాలి. ఎవరూ తొయ్యరు. అదొక సుఖం. ఫోను ఇక్కడ టార్చిలైటుకి తప్ప దేనికీ పనికిరాదు. నీ ఫోను ఎటూ అక్క లాక్కుంది. కాబట్టి మన పోస్ట్‌మాన్ నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. రోజూ ఒకసారి వస్తాడు.

నా ఉత్తరాలు ముందు అక్కే విప్పుతుందని తెలుసు. అందుకని ఆవిడ కోసం విడమరిచి రాస్తున్నా, నువ్వు ఈ పేరా దాటెయ్. అక్కా, ఈ చెరువు పూడ్చి గోదాం కడతారు. పూడ్చేలోపు చెరువులో కప్పలన్నిటినీ ఏరి, వెనక కొత్తగా తవ్విన మడుగులోకి చేర్చాలి. మడుగు బయట ఉండేలా చెరువు చుట్టూ మోకాలెత్తు ప్లాస్టిక్ కంచె వేశాం. ఇవి గెంతే రకం కాదు, బద్ధకంగా నడిచే రకం. కంచె వెంట నడుచుకుంటూ వచ్చి, నేలలో పాతిన బకెట్లో పడతాయి. పొద్దున్నే నేను తీసి మడుగులో వదులుతాను. వరసగా ఐదు పొద్దులు బకెట్లన్నీ ఖాళీగా ఉంటే 'ఇక ఇక్కడ ఎవరూ లేరు' అని నేను రాస్తాను, మీ ఆయన సరిచూసి సంతకం పెడతాడు. యంత్రాలు వస్తాయి, నేను ఇంటికొస్తాను. అంతే మా ఉద్యోగం. బోర్డు మీద మాత్రం 'పర్యావరణ సలహాదారులు' అని ఉంటుంది. సలహా కప్పా వినదు, గోదాం కట్టించే మేనేజరూ వినడు.

ఇప్పుడు నువ్వు చదువు బావా. నాలుగు పొద్దులు ఖాళీ. ఐదో పొద్దున ఒక కప్ప. మళ్ళీ మొదటికి. ఇలా ఎన్నిసార్లయిందో చెప్పను, నీ గుండెకి మంచిది కాదు.

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మీ చెల్లెమ్మ కబురు పంపింది, 'మీరు వస్తారా, లేక పిల్లకి మీ ఫొటో చూపించమంటారా' అని. కంచె ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే బకెట్లు చూడాల్సిందే, లేకపోతే పడ్డవి ఎండకి చస్తాయి. చూసే లైసెన్సు ఉన్నది నీకూ నాకూ. నిన్ను అక్క వదలదు. నన్ను కప్ప వదలదు.

నీ బావమరిది


మేడ మీద గది
గురువారం

ఒరేయ్ బావమరిదీ,

నీ రేకుల డబ్బా బయట చెరువైనా ఉంది. నాకున్న కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. మీ అక్క నా చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసింది. నవ్వకు, నిజంగా వేసింది. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడట, ఈవిడ మెట్లే లేకుండా చేసింది. రోజుకి నాలుగు మాత్రలు, నలభై జాగ్రత్తలు. ముప్ఫై ఏళ్ళు బురదలో తిరిగినవాణ్ణి, ఇప్పుడు నేల తుడిచేటప్పుడు కాలు పైకెత్తమంటే ఎత్తుతున్నాను.

ఇది చాలదన్నట్టు ఆ గోదాం మేనేజరు. రోజూ సాయంత్రం వస్తాడు. ఎంత మర్యాదస్తుడో చెప్పలేను. పళ్ళు తెస్తాడు. మీ అక్క కోసి పెడితే తనే తింటాడు. 'తొందరేం లేదు సార్, తొందరేం లేదు' అంటాడు. అన్నవాడు లేవడు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని నా మొహం చూస్తూ ఉంటాడు. నేను లేచి ఎటైనా వెళ్దామంటే ఎటు వెళ్ళను? చెప్పులు బీరువాలో ఉన్నాయి.

కంచెలో ఎక్కడో సందు ఉండి ఉంటుంది. అడుగు పాతిన చోటల్లా కాలితో తొక్కి చూడు. త్వరగా తెముల్చు.

బావ


రేకుల గది
ఆదివారం

బావా,

తొక్కాను. చుట్టూ తొక్కాను. సందు లేదు. నా మడమకి మాత్రం నెప్పి ఉంది.

కానీ ఒక విశేషం. ఈ కప్పల పొట్ట మీద నల్లమచ్చలుంటాయి కదా, మన వేలిముద్రల్లాగా ఏ రెండిటికీ కలవవు. పొట్ట ఫొటోలు తియ్యమని నాకు నేర్పింది నువ్వే. నిన్న వరసగా పెట్టి చూశాను. ప్రతి ఐదో పొద్దునా వచ్చేది ఒక్కడే! కుడిపక్క మూడు మచ్చలు, ఎడమపక్క చెంచా ఆకారంలో ఒకటి. వాడు మడుగులో ఉండాలి. నేనే స్వయంగా, చేతులతో, ఎన్నోసార్లు మడుగులో దించి వచ్చాను. మళ్ళీ లోపల ప్రత్యక్షం.

వాడికి వియ్యంకుడని పేరు పెట్టాను. పిలవకుండా వస్తాడు, బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంటాడు, సాగనంపితే నాలుగు రోజుల్లో తిరిగొస్తాడు, మర్యాద ఏం తక్కువైందో చెప్పడు. నిన్న బకెట్లోంచి తీస్తే నా అరచేతిలో ఒంటికి పోసి, అలాగే నా వంక చూశాడు. అచ్చం వియ్యంకుడే.

వంట చేసిపెట్టే కాపలా పెద్దాయనకి చెబితే, 'ఇల్లు కదండీ, వస్తాడు మరి' అన్నాడు. ఎందుకొస్తాడన్నది సరే, ఎలా వస్తున్నాడన్నది నాకు కావాలి. ఇవాళ సన్నగా చినుకు పడుతోంది. వీళ్ళు షికారుకి బయల్దేరే వాతావరణం. మడుగు పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుంటాను. ఈ వయసులో కప్పని వెంబడించే ఉద్యోగం మా బడి పంతులు ఊహించాడు గానీ, దానికి లైసెన్సు ఇస్తారని ఊహించలేదు.

ఏమైందో తర్వాతి ట్యాంకరుకి రాస్తా.

బావమరిది


రేకుల గది
బుధవారం

బావా,

పని జరుగుతోంది. కంచె చూశాను. బాగానే ఉంది. వాన తగ్గింది.

మాత్రలు వేసుకో.

బావమరిది


మేడ మీద గది
శుక్రవారం

ఒరేయ్,

నీ ఉత్తరం నాలుగు ముక్కలు. ఒక్క వెటకారం లేదు. మీ అక్క రెండుసార్లు తిప్పి చూసి, 'వీడికి జ్వరమొచ్చింది' అని తేల్చేసింది. కషాయం పొడి పంపుతోంది. జ్వరం లేకపోయినా తాగు, లేదంటే నాకు తాగిస్తుంది.

సరే, అసలు మాట. నాకు బుద్ధి తక్కువై నిన్ను అక్కడ ఇన్నాళ్ళు కూర్చోబెట్టాను. ఒక్క కప్ప కోసం మనిషిని కట్టేస్తామా? అమ్మాయి కాన్పు దగ్గర నువ్వుండాలి. బయల్దేరు. రేపు ట్యాంకరు ఎక్కి వచ్చెయ్. బకెట్లకి మూతలు పెట్టు, చాలు. ఇక చూడక్కర్లేదు. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వంటే నాకెంత అభిమానమో నీకు తెలుసు. నువ్వు లేకపోతే ఈ కంపెనీ ఎక్కడిది!

యంత్రాలు వచ్చే బుధవారం వస్తాయట. ఆ చప్పుడులో నువ్వెందుకు.

మీ బావ


రేకుల గది
శనివారం

బావా,

కషాయం తాగాను. జ్వరం లేనివాడికి జ్వరం తెప్పించేలా ఉంది, అక్కకి చెప్పు.

నువ్వు నన్నెప్పుడూ మెచ్చుకోలేదు. పెళ్ళిలో మా అక్కని అప్పగించినప్పుడు కూడా 'సరే' అన్నావంతే. ఇప్పుడు అభిమానం అంటున్నావు. బకెట్లు చూడక్కర్లేదంటున్నావు. మూత పెడితే కంచె వెంట తిరిగి తిరిగి చస్తాయని నాకు చెప్పింది నువ్వు. యంత్రాలకి రోజు కూడా చెబుతున్నావు. నువ్వు సంతకం పెట్టందే యంత్రాలు ఎలా వస్తాయి? నీకూ నాకూ మధ్య ఏదో ఒకటి అడ్డంగా కూర్చుని ఉంది. నాది ముందు తీస్తాను.

ఆదివారం చినుకులో కూర్చున్నానా. చీకటి పడే వేళకి మడుగులోంచి వియ్యంకుడు బయటికొచ్చాడు. తిన్నగా కంచె దగ్గరికి నడిచాడు. ఆగాడు. తర్వాత, బావా, ఎక్కాడు. మన మేడ మెట్లు ఎక్కినట్టు, ఆయాసపడుతూ, ఆగుతూ, ఎక్కేశాడు. పైకి చేరి అటు దొర్లాడు. వాడి వెనక ఇంకొకడు. ఇంకొకడు. మిగతావాళ్ళు లోపల బకెట్లకి దూరంగా రెల్లులో సర్దుకుంటున్నారు. నాకు ఇన్నాళ్ళూ కనిపించింది వియ్యంకుడొక్కడే, వాడికి దారి చూసుకుని నడిచే అలవాటు లేదు కాబట్టి.

కంచె పైభాగం బయటికి వంగాలి. అప్పుడు లోపలివాడికి అది ఎక్కే ఏటవాలు, బయటివాడికి నెత్తిమీద చూరు. మన పనిలో మొదటి రోజు చెప్పే పాఠం ఇది. మూడు పక్కలా అలాగే ఉంది. వెనక పక్క, సరిగ్గా మడుగు ఎదురుగా, లోపలికి వంగి ఉంది.

ఎలా జరిగిందో ఆ తడిలో కూర్చునే గుర్తొచ్చింది. కంచె వేసినరోజు నేను బయట నిలబడి కూలీలకి చెప్పాను: 'నా వైపుకి వంచండి.' మూడు పక్కలూ నేను బయటే ఉన్నాను, వాళ్ళు నా వైపుకే వంచారు. వెనక పక్క ముళ్ళకంప ఉంది. లుంగీ చిరుగుతుందని లోపలి వైపుకి దాటాను. దాటి, అదే మాట అన్నాను. 'నా వైపుకి వంచండి.' పాపం, వాళ్ళు చెప్పినట్టే చేశారు. ఒక లుంగీ కోసం.

అంటే ఇన్నాళ్ళూ నేను ముందు తలుపులోంచి సాగనంపుతున్నాను, వెనక తలుపు నేనే తెరిచిపెట్టి. నేను రాసిన 'ఖాళీ' అన్న ప్రతి పొద్దూ అబద్ధమే. తెలిసి రాసింది కాదు గానీ అబద్ధమే. బుధవారం నీకు 'బాగానే ఉంది' అని రాశానే, అది మాత్రం తెలిసి రాసిన అబద్ధం. ఎందుకంటే ఈ సంగతి మనకి లైసెన్సులిచ్చిన ఆఫీసరమ్మకి చెబితే లెక్క మొత్తం కొట్టేస్తుంది, వానాకాలమంతా మళ్ళీ మొదటినుంచి. అమ్మాయి కాన్పు నేను ఈ డబ్బాలోంచే వినాలి.

నాది చెప్పేశాను. నువ్వేం చేశావు బావా?

బావమరిది


మేడ మీద గది
ఆదివారం పొద్దున

ఒరేయ్,

ట్యాంకరు డ్రైవరు కింద హారను కొడుతున్నాడు. గబగబా రాస్తున్నాను.

సంతకం పెట్టేశాను. పోయిన మంగళవారం. 'చెరువు ఖాళీ, సరిచూశాను' అని. నేను సరిచూసింది ఎదురింటి గోడ.

డబ్బు ఇచ్చాడనుకుంటావేమో. ఇవ్వలేదు. బెదిరించలేదు. కూర్చున్నాడంతే. ఆ రోజు ఇంకా కూర్చున్నాడు. దీపాలు పెట్టారు, కూర్చున్నాడు. మీ అక్క వచ్చి నా మాత్రలు ఇచ్చింది, వాడు నీళ్ళ గ్లాసు అందించాడు. వాడు లేచి వెళ్తే చాలనిపించిందిరా. ఇంకేమీ అనిపించలేదు. కప్పలు గుర్తు రాలేదు, నువ్వు గుర్తు రాలేదు. ఆ కుర్చీ ఖాళీ అయితే చాలు. పెట్టాను. వాడు లేచాడు. 'తొందరేం లేదు సార్' అని మళ్ళీ అని వెళ్ళాడు.

ఇప్పుడు చెప్పేది విను. కంచె సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. వెనక పక్క ఇవాళే సరిగ్గా వంచెయ్. దొరికినన్ని ఏరి మడుగులో వేసి, వచ్చెయ్. నువ్వు ఆఫీసుకి రాస్తే, 'మరి నువ్వేం సరిచూశావు' అని నన్నడుగుతారు. ముప్ఫై ఏళ్ళ పేరు. నాకు మిగిలింది అదొక్కటే, చెప్పులు కూడా నా దగ్గర లేవు.

నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

బావ


రేకుల గది
ఆదివారం సాయంత్రం

బావా,

డ్రైవరుని టీ ఇచ్చి ఆపి రాస్తున్నాను. అతనికి ఇది రెండో టీ, మొహమాటానికి తాగుతున్నాడు.

నువ్వడిగినవాటిలో ఒకటి చేశాను. పెద్దాయనా నేనూ కలిసి వెనక పక్క కంచె పీకి బయటికి వంచాం. ఈసారి ముళ్ళకంపలోనే నిలబడ్డాను. లుంగీ చిరిగింది. ముందే చిరగనిచ్చి ఉంటే పోయేది.

రెండోది చెయ్యలేను. చెయ్యకూడదని కాదు, పొద్దుట్నుంచీ చేద్దామనే తిరిగాను. బుధవారంలోపు ఎన్ని ఏరగలనా అని రెల్లులోకి దిగాను. మోకాలి లోతులో ఎటు చెయ్యి పెడితే అటు ఒకడు. నేను సాగనంపినవాళ్ళే, సగం మంది ముఖం గుర్తుపట్టాను. ఏరి తీసేది కాదిది. బుధవారం యంత్రాలొస్తే వీళ్ళందరి మీదా మట్టి పడుతుంది, మట్టి మీద నా 'ఖాళీ' ఉంటుంది, దాని కింద నీ సంతకం ఉంటుంది. ఆ గోదాం ముందునుంచి మనమిద్దరం ఎప్పుడైనా వెళ్ళాల్సొస్తే ఏం మాట్లాడుకుంటాం బావా? వాతావరణం గురించా?

అందుకని ఆఫీసరమ్మకి కాగితం రాశాను. ఇదే ట్యాంకరులో వెళ్తోంది. కంచె తప్పుగా వేసింది నేను, నా లెక్కలన్నీ చెల్లవు, యంత్రాలు ఆపండి అని. నీ సంతకం ఊసు ఎత్తలేదు. నీది నేను రాయను. రాయాలనిపిస్తే నువ్వు రాసుకో, లేదంటే లేదు. నా తప్పు చాలా పెద్దది, ఇద్దరికీ సరిపోతుంది, కావాలంటే దాని వెనక కూర్చో.

అమ్మాయికి నేను రాలేనని మీ చెల్లెమ్మతో అక్కనే చెప్పమను. నాకు ధైర్యం లేదు. ఫొటో మాత్రం మంచిది చూపించమను, జుట్టున్నప్పటిది.

బావమరిది


ఇల్లు
మంగళవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం తెచ్చినవాణ్ణి చూసి కంగారుపడకు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు.

నీ ఉత్తరాలన్నీ ముందు నేనే చదివాను, నీకూ తెలుసు. ఆయన రాసినవి మాత్రం ముట్టుకోలేదు. నిన్నటి నీ ఉత్తరంలో సంతకం అన్న ముక్క చూసి, భోజనం పెట్టేముందు అడిగాను. భోజనం చల్లారేదాకా చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. తర్వాత కాగితం తీసుకుని ఆఫీసుకి తనే రాశారు, చూడకుండా సంతకం పెట్టానని. నాచేతే కవరు అంటించారు. నా ఉమ్మితో పోయింది ఆయన ముప్ఫై ఏళ్ళ పేరు.

డాక్టరు నడవొద్దనలేదురా. పరిగెత్తొద్దన్నాడు. గది దాటొద్దన్నది నేనే. ఆ రోజు ఆయన కుప్పకూలినప్పుడు చూసింది నేను కదా. కళ్ళముందు ఉంటే చాలనుకున్నాను. కళ్ళముందే కూర్చుని ఏం చేశారో చూశావుగా. ఆ మేనేజరుకి పళ్ళు కోసి పెట్టింది కూడా నేనే.

చెప్పులు తీసిచ్చాను. మాత్రలు సంచిలో ఉన్నాయి, వేళలు మూత మీద రాశాను. యంత్రాలు ఆపమని ఆఫీసరమ్మ చెప్పిందట. లైసెన్సు ఉన్న మనిషి వచ్చాడు కాబట్టి నువ్వు అదే ట్యాంకరెక్కి బయల్దేరు. చిరిగిన లుంగీతో రాకు.

అక్క


రేకుల గది
శనివారం

ఒరేయ్ బావమరిదీ,

ఈ మంచం గురించి నువ్వు చాలా తగ్గించి రాశావు.

మెల్లగా నడుస్తున్నాను. కంచె చుట్టూ ఒక చుట్టు తిరగడానికి పొద్దెక్కుతోంది, పెద్దాయన నా వెనక కుర్చీ మోసుకొస్తున్నాడు. ఆయాసం వస్తే కూర్చుంటాను. ఎవరూ నా ఎదురుగా కూర్చోరు. ఆఫీసు నుంచి నాకు నోటీసు వచ్చింది. నా లైసెన్సు ఈ వానాకాలం దాకానే. తర్వాత విచారణ, ఆ తర్వాత ఏమవుతుందో తెలీదు. చదివి, మడిచి, కిటికీ సందులో పెట్టాను. ఇప్పుడది తెరుచుకుంటోంది.

బకెట్లు నిండా వస్తున్నాయి. వానాకాలమంతా పడుతుంది. నీ వియ్యంకుడు నిన్న సాయంత్రం కనిపించాడు, మడుగు వైపు. కంచె దాకా వచ్చి, చూరు కింద నిలబడి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కూడా ఇవతలినుంచి చూశాను. ఇద్దరికీ ఆయాసమే.

పిల్లా, పిల్లాడా? ఒక్క ముక్క రాయడానికి ఇంత ఆలస్యమా?

బావ


ఇల్లు
సోమవారం

బావా,

పిల్ల. నేను గుమ్మంలో అడుగుపెట్టిన మర్నాడు. నా జుట్టున్న ఫొటో అవసరం పడలేదు, అసలుదాన్నే చూసి ఏడ్చింది.

నోటీసు సంగతి చదివాను. దాని గురించి జోకు వెయ్యబోయి ఆగాను. ఒకటి ఉంది, నువ్వు వచ్చాక ఎదురుగా చెబుతా. నీ తర్వాత వంతు నాది, నాకూ వస్తుంది నోటీసు. ఈ నెలాఖరుకి వచ్చి నీ బదులు నేనుంటాను. అక్క తను కూడా వస్తానంటోంది, కంచె ఎటు వంగిందో స్వయంగా చూస్తుందట.

ఆలస్యం ఎందుకయిందని అడిగావు. నా కుర్చీ మీద మీ చెల్లెమ్మ కుట్టుమిషను పెట్టుకుంది, కాబట్టి నన్ను నేలమీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, పిల్లని నా గుండెల మీద పడుకోబెట్టి, కదిలితే ఊరుకోనని చెప్పి వెళ్ళారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే పని. కాళ్ళు మొద్దుబారాయి. ముక్కు దురద పెడుతోంది. కలం అందడానికే ఇంతసేపు పట్టింది.

ఇప్పుడే కళ్ళు తెరిచి నా వంక చూసింది. బుగ్గలు ఉబ్బించింది. తర్వాత వెచ్చగా, తీరుబడిగా, నా కొత్త లుంగీ మీద పోసింది.

కదల్లేదు బావా.

బావమరిది